సూది ఆయువు మూడు నిమిషాలు

పాత వస్తువుల మీద యువకులకు మళ్ళీ ప్రీతి కలుగుతున్నది. అటకల మీద దుమ్ము పట్టిన కీ గ్రామఫోనులు తిరిగి ముందుగదిలోకి దిగివస్తున్నవి. సంతోషమే. అయితే అలా దిగివచ్చిన యంత్రం తెలియని చేతులలో పడితే, పాడిన ప్రతి పాటనూ కొంతకొంత చెరిపివేస్తుంది. అందులో యంత్రపు దోషమేమీ లేదు. ఆ తప్పు చేసినవారిలో మేమూ ఉన్నాము కనుక, పిదప తెలుసుకొన్న సంగతులు పాఠకుల ముందుంచుతున్నాము.

మా మిత్రుని ఇంట అతని దాదీ పుట్టింటినుండి తెచ్చుకొన్న పెట్టె గ్రామఫోను ఒకటి, దానితో పది పన్నెండు రికార్డులు ఉన్నవి. వాటిలో అఖ్తరీబాయి ఫైజాబాదీ పాడిన గజల్ ఒకటి. ఒక సెలవునాడు మేము నలుగురము చేరి, సౌండుబాక్సుకు అదివరకే బిగించివున్న సూదితోనే దానిని ఎనిమిదిసార్లు వరుసగా విన్నాము. ఎనిమిదవసారి కంఠం వెనుక ఇసుక రాలుతున్నట్లు రొద వినవచ్చింది. రికార్డును వెలుతురుకు పట్టి చూస్తే నల్లని నిగనిగ పోయి బూడిదరంగు తేలింది. దాదీ కోపగించలేదు. "సూది మార్చారా బేటా?" అని మాత్రం అడిగారు. మార్చవలెనని మాకు తెలియదు.

ఇందులోని కిటుకు ఇది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డులు లక్కతో చేసినవి. మన దేశపు అడవులలో చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే లక్కయే అది. దానిలో మెత్తని రాతిపొడి కలిపేవారు. ఆ పొడి ఉక్కుసూది మొనను గాడి ఆకారానికి తగినట్లు అరగదీస్తుంది. అనగా సూదియే అరగవలెను, రికార్డు అరగరాదు; ఏర్పాటే అటువంటిది. పది అంగుళాల రికార్డు ఒక ప్రక్క పాడేది సుమారు మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలలో సూది నూరు మీటర్లకు పైగా గాడిలో ప్రయాణం చేస్తుంది. చివరకు చేరేసరికి దాని మొన ఉలివలె పదునైన అంచులు తేలివుంటుంది. ఆ అంచులతోనే మరల మొదటి గాడిలో దించితే, అది పాట వినిపించదు, పాటను చెక్కుతుంది. అందుకే ఆ రోజులలో సూదులను చిన్న రేకుడబ్బాలలో వందల లెక్కన అమ్మేవారు. ఒక ప్రక్కకు ఒక సూది. వాడినదాన్ని త్రిప్పి బిగించి మరల వాడడం కూడ పొరపాటే.

కొందరు ఇంతకన్న సాహసులు. 1948 తరువాత వచ్చిన లాంగ్‌ప్లే రికార్డును ఈ యంత్రం మీద పెట్టి చూస్తారు! దానిది మెత్తని వినైలు, సన్నని గాడి, నిమిషానికి 33⅓ చుట్ల వేగం. నేటి విద్యుద్యంత్రపు సూది దాని మీద రెండు మూడు గ్రాముల బరువు మాత్రమే మోపుతుంది. పాత సౌండుబాక్సు నూరు గ్రాములకు పైగా మోపుతుంది. ఒక్కసారితో ఆ రికార్డు పని సరి.

కీ ఇచ్చే విషయంలో భయపడవలసినంత ఏమీ లేదు. చేతికి బిగువు తగలగానే ఆపవలెను, అంతే. ప్రతి ప్రక్కకూ ముందు కీ ఇచ్చుకొంటే పాట మధ్యలో స్వరం క్రుంగదు. పని ముగిసిన తరువాత స్ప్రింగును పూర్తిగా సడలనిచ్చి మూత పెట్టడం మంచిది. తిరగడం లేదని వంటనూనె పోస్తే అది కొన్నాళ్ళకు బంకవలె గట్టిపడుతుంది. స్ప్రింగు డబ్బాను మాత్రం ఎన్నడూ స్వయంగా విప్పరాదు. చుట్టివున్న ఆ పొడవైన ఉక్కుపట్టీ ఒక్కసారిగా ఎగసి చేతులను చీల్చగలదు.

రికార్డును స్పిరిటుతో తుడవడం మరొక ఘోరం. లక్క స్పిరిటులో కరుగుతుందని వడ్రంగి పాలిషు పని చూచినవారికందరికీ తెలుసు, రికార్డు దగ్గర ఎవరికీ గుర్తురాదు.

ఇత్తడి బాకా, కుక్కబొమ్మ చూచి మోసపోయేవారి గురించి ఒక మాట. పాత ముక్కలూ కొత్త ముక్కలూ కలిపి కట్టిన అనుకరణ యంత్రాలు మన దేశపు బజారులలో విరివిగా అమ్ముడుపోయినవి. గూట్లో అలంకారానికి అవి చాలును. విలువైన రికార్డును వాటికి అప్పగించరాదని మా అభిప్రాయం.

1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ పాడినది మొదలు, మన నాటక పద్యాలు, ఖవ్వాలీలు, గజళ్ళు ఎన్నో ఈ లక్కపలకల మీదనే నిలిచినవి. వాటిలో పెక్కింటికి అచ్చులు ఇప్పుడు లేవు. ఏ ఇంటి అలమరలోనో మిగిలిన ప్రతియే ఆ కంఠానికి ఆధారం కావచ్చును. కనుక అరుదైనదాన్ని గ్రామఫోను మీద వినకుండా, 78 చుట్ల రికార్డులకు తగిన సూదివున్న తేలిక విద్యుద్యంత్రం మీద ఒకసారి పాడించి ప్రతి తీసుకోవడం మేలు. దాదీ రికార్డు రెండవ ప్రక్కను మేము ఆనాడు ముట్టలేదు. దానిని ఆ విధంగానే ప్రతి తీయించి ఆమెకు ఇచ్చాము. ఇప్పుడామె సాయంత్రాలు అదే వింటున్నారు. మొదటి ప్రక్క పెట్టమని మమ్మల్ని మరల అడగలేదు.