ఊరిని ఆనుకున్న కొండ

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఏ వీధి మలుపు తిరిగినా టేబుల్ మౌంటెన్ కనిపిస్తుంది. ఎత్తు 1,086 మీటర్లు. శిఖరం బల్లపరుపుగా ఉంటుంది కాబట్టే ఆ పేరు. 1998లో ఏర్పడిన ఇక్కడి జాతీయ వనం 200 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించింది. చుట్టూ కంచె లేదు, చాలా బాటలకు టికెట్టూ లేదు. పెరటి తలుపు తీసుకుని వెళ్లినంత తేలిగ్గా ఊరివాళ్లు కొండెక్కుతారు.

దొంగలూ అంత తేలిగ్గానే వస్తారు. పొదల చాటు నుంచి బయటికొచ్చి, కత్తి చూపి, ఫోను, కెమెరా, పర్సు లాక్కుని నిమిషాల్లో ఊళ్లో కలిసిపోతారు. అందుకే పైనున్న రాతి శిఖరాల కన్నా రోడ్డుకు దగ్గరగా సాగే కింది బాటల్లో ఎక్కువ జాగ్రత్త అవసరం. డెవిల్స్ పీక్ వాలులు, సిగ్నల్ హిల్, రోడ్స్ స్మారకం పరిసరాల్లో దోపిడీలు పదేపదే జరిగాయి. ఈ కొండల వరుసలో ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. బయల్దేరే ముందు బస చేసిన చోట గానీ, వనం సిబ్బందిని గానీ ఆ వారం ఏ బాట ఎలా ఉందో అడగడం మంచిది. దొంగలు చోటు మారుస్తుంటారు, పాత సమాచారం పనికిరాదు.

వేళ కూడా ముఖ్యమే. అక్కడి రుతువులు మనకు తలకిందులు. డిసెంబరులో రాత్రి ఎనిమిది దాకా వెలుతురుంటే, జూన్‌లో ఆరు కాకముందే పొద్దుగూకుతుంది. 669 మీటర్ల లయన్స్ హెడ్‌ను పున్నమి రాత్రి ఎక్కడం అక్కడ ఆనవాయితీ. ఎక్కేటప్పుడు జనం బారులు తీరి ఉంటారు. దిగేటప్పుడు పలచబడతారు, వెనకబడినవాళ్లు ఒంటరవుతారు.

పర్యాటకులు ఎక్కువగా లెక్కలోకి తీసుకోనిది గాలి. కొండ మీదికి 1929 నుంచీ కేబుల్ కారు నడుస్తోంది. ఆగ్నేయపు గాలి విసిరితే మేఘం తెల్లటి దుప్పటిలా శిఖరాన్ని కప్పేస్తుంది, కారు ఆగిపోతుంది. ప్లాటెక్లిప్ లోయ రాతిమెట్ల మీదుగా నడిచి ఎక్కి, కారులో దిగుదామనుకున్నవాళ్లు అలసిన కాళ్లతో అదే దారిలో దిగాల్సి వస్తుంది. ఆలోగా చీకటి పడితే దొంగ భయం, దారి తప్పే భయం రెండూ కలిసి వస్తాయి. అందుకే పొద్దున్నే బయల్దేరాలి. కారు నడవదన్న లెక్కతోనే దిగడానికి సమయం, నీళ్లు, టార్చిలైటు ఉంచుకోవాలి.

ఒంటరి నడకలో ఆనందముంది, నిజమే. అయినా ఈ కొండ మీద దాన్ని వదులుకోవడమే మేలు. నలుగురికి తగ్గకుండా వెళ్లాలని స్థానికులు చెబుతారు. నలుగురు బయల్దేరితే చాలదు, నలుగురూ ఒకరికొకరు కనిపించేంత దూరంలో నడవాలి. ఏ బాటలో వెళ్తున్నదీ, ఎన్నింటికి తిరిగొచ్చేదీ కింద ఒకరికి చెప్పి ఉంచాలి.

పాస్‌పోర్టు బసలోనే ఉండాలి, జేబులో నకలు చాలు. బంగారు గొలుసు, ఖరీదైన గడియారం కొండకు అక్కర్లేదు. ఫొటో తీసుకునేటప్పుడు ఒకరు ఫోను తెర చూస్తుంటే ఇంకొకరు దారిని చూడాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే వెనక అడుగుల చప్పుడు వినిపించదు. బృందంలో ఒక పాత ఫోను సంచీ అడుగున విడిగా ఉంటే, మిగతావి పోయినా సాయం కోసం పిలిచే వీలుంటుంది.

కత్తి ఎదురైతే పెనుగులాడకూడదు. చేతులు కనిపించేలా ఉంచి, అడిగింది ఇచ్చేయాలి. పర్సు కోసమే అయినా చెప్పకుండా సంచీలో చెయ్యి పెడితే ఆయుధం తీస్తున్నారని దొంగ బెదిరిపోవచ్చు. ఏం తీస్తున్నారో ముందే చెప్పి నెమ్మదిగా తీయాలి. పారిపోతున్నవాడి వెంటపడకూడదు. కెమెరాలోని ఫొటోల మీద మమకారంతో పట్టీని గట్టిగా పట్టుకోవడం ప్రాణానికే ముప్పు.

జనం ఉన్న చోటికి చేరాక సెల్‌ఫోన్ నుంచి 112కు గానీ, పోలీసుల 10111కు గానీ ఫోన్ చేయాలి. దొంగలు ఎటు వెళ్లారో, ఏ మలుపు దగ్గర జరిగిందో చెబితే వెనక వస్తున్నవాళ్లను ఆపడానికి వీలవుతుంది. బ్యాంకు కార్డులు, సిమ్ వెంటనే నిలిపివేయించాలి. పోలీసు ఫిర్యాదు నంబరు రాయించుకోవాలి, బీమాకు అది తప్పనిసరి. పాస్‌పోర్టు కూడా పోతే ఆ ఫిర్యాదు కాగితం, నకలు తీసుకుని కేప్‌టౌన్‌లోనే ఉన్న భారత కాన్సులేట్‌కు వెళ్లాలి. స్వదేశం చేరడానికి కావలసిన అత్యవసర ప్రయాణ పత్రం అక్కడ ఇస్తారు.