లెగో ఇటుకలు జిగురు లేకుండా ఎలా పట్టుకుంటాయి?

లెగో ఇటుకను తిరగేసి చూడండి. పైన బొడిపెలు, లోపల బోలు గొట్టాలు. కిటుకంతా ఆ గొట్టాల్లోనే ఉంది! కింది ఇటుక బొడిపె పై ఇటుక గోడకూ గొట్టానికీ మధ్య ఇరుక్కుంటుంది. అక్కడ చోటు కావలసినదానికన్నా వెంట్రుకవాసి తక్కువ. అందుకే ప్లాస్టిక్ కాస్త సాగి, మళ్లీ పాత ఆకారానికి రావాలని బొడిపెను నొక్కుతుంది. ఆ ఒత్తిడితో వచ్చే ఘర్షణే పట్టు.

డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో 1949లో చేసిన ఇటుకలు లోపలంతా డొల్ల. కట్టింది ఇట్టే ఊడిపోయేది. గొట్టాలు చేర్చి 1958 జనవరి 28న పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. అప్పటి ఇటుకలు ఇప్పటివాటికీ అతుకుతాయి.

ఎనిమిది బొడిపెల ఇటుకలు, ఒకే రంగువి, ఆరుంటే 91,51,03,765 రకాలుగా కలపొచ్చు. నమ్మకం లేదా? ముందు రెండింటితో లెక్కేయండి, 24 రావాలి.