పరిశోధనా దత్తాంశం: బ్యాకప్ ఉన్నదా, తిరిగి వచ్చునా?

శీతల గిడ్డంగిలో ఉష్ణోగ్రత సరిగా ఉన్నంత మాత్రాన, పొట్లాలపై చీటీలు చెదరనంత మాత్రాన లోపలి విత్తనం జీవించి ఉన్నదని ఏ విత్తన శాస్త్రవేత్తా ధ్రువీకరించడు. నమూనా తీసి, మొలకెత్తించి, మొలక శాతం లెక్కించిన తరువాతనే ఆ మాట చెప్పగలడు. అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం నియమాలలో ఇందుకు 400 విత్తనాలు తీసుకోవడం పరిపాటి. కంప్యూటర్ దత్తాంశం విషయానికి వచ్చేసరికి మాత్రం మన సంస్థలు పొట్లాల లెక్కతోనే తృప్తి పడుతున్నాయి. తనిఖీ పత్రంలో ‘బ్యాకప్ తీస్తున్నారా?’ అన్న గడి ఉంటుంది. ‘చివరిసారి దాని నుండి దత్తాంశాన్ని ఎప్పుడు తిరిగి పొందారు?’ అన్న గడి అరుదుగా కనిపిస్తుంది.

ఈ పోలికను ఇంకొంత ముందుకు తీసుకుపోవచ్చు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు నిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ తదితర పంటల నమూనాలు లక్షా ఇరవై వేలకు పైగా ఉన్నాయి. వాటి నకళ్లను నార్వేలో 2008లో ప్రారంభమైన స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారంలో కూడా భద్రపరుస్తున్నారు. ఆ భాండాగారం నుండి నకళ్లను మొదటిసారి వెనక్కు తీసుకున్నది ఇకార్డా సంస్థ. సిరియా అంతర్యుద్ధం వల్ల అలెప్పో సమీపంలోని తన జన్యు నిధి అందుబాటులో లేకుండా పోవడంతో 2015లో సుమారు 38 వేల నమూనాలను తెప్పించుకొని, లెబనాన్, మొరాకోలలో విత్తి, పెంచి, 2017 నుండి కొత్త విత్తనాన్ని తిరిగి స్వాల్‌బార్డ్‌కు పంపింది. పెట్టెలు చేరిన నాటికి, పంచడానికి సరిపడా విత్తనం చేతికి వచ్చిన నాటికి మధ్య పంట కాలాలు గడిచాయన్నది గమనించదగిన విషయం. దత్తాంశ పునరుద్ధరణకూ ఇలాగే కాలం పడుతుంది. ఎంత పడుతుందో ముందుగా కొలిచి ఉంచుకున్న సంస్థలు తక్కువ.

మన ప్రాంతపు అనుభవమే చూద్దాం. 2019 వేసవిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. నేరేడ్‌మెట్ మొదలు నల్గొండ వరకు విద్యుత్తు అందించే దక్షిణ మండల సంస్థ వెబ్‌సైట్ కూడా నిలిచిపోయి, ఆన్‌లైన్ సేవలకు అంతరాయం కలిగింది. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్‌పై ఇటువంటి దాడే జరిగినప్పుడు, దెబ్బతినని ఒక బ్యాకప్ సర్వర్ నుండి ఇ-హాస్పిటల్ దత్తాంశం మొత్తం తిరిగి లభించింది. అయినప్పటికీ సేవలు చాలా వరకు కుదుటపడడానికి రెండు వారాలు పట్టింది. అంతవరకు ఓపీ చీటీల నుండి పరీక్షల నివేదికల వరకు చేతి రాతతోనే నడిపారు.

నకలు ఉన్నదనుకొని, తీరా చూస్తే లేకపోవడం మరొక రకం ప్రమాదం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున ప్రధాన డేటాబేస్‌ను తుడిచివేశాడు. అక్కడ బ్యాకప్ పద్ధతులు ఒకటి కాదు, ఐదు ఉన్నాయి. రోజువారీ నకలు తీసే ప్రోగ్రామ్ వెర్షన్, డేటాబేస్ వెర్షన్‌తో సరిపడక చాలా కాలంగా విఫలమవుతూనే ఉంది. ఆ వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. నకళ్లు దాచవలసిన చోటు తెరిచి చూస్తే ఖాళీ. ఘటనకు సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక నకలు ఉండబట్టి సంస్థ గట్టెక్కింది. కియోటో విశ్వవిద్యాలయంలో 2021 డిసెంబరులో జరిగింది పరిశోధకులకు ఇంకా దగ్గరి విషయం. సూపర్ కంప్యూటర్‌కు బ్యాకప్ తీసే ప్రోగ్రామ్‌లోని దోషం వల్ల సుమారు 77 టెరాబైట్ల ఫైళ్లు చెరిగిపోయాయి. నష్టపోయిన 14 పరిశోధన బృందాలలో నాలుగింటి దత్తాంశం తిరిగి రాలేదు. కాపాడవలసిన ప్రోగ్రామే చెరిపివేసిందన్నమాట.

వ్యవసాయ పరిశోధనకు ఈ నష్టం మరింత తీవ్రమైనది. ప్రయోగశాలలో విశ్లేషణను మళ్లీ చేయవచ్చు. గడచిన ఖరీఫ్‌ను, ఆ వర్షపాతంతో, ఆ తెగుళ్ల ఉధృతితో మళ్లీ పండించలేము. జగిత్యాలలో సాగుతున్న దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం వంటి వాటిలో మధ్యన ఒక్క సంవత్సరపు దత్తాంశం పోయినా నేల సేంద్రియ కర్బనపు ధోరణిలో ఆ ఖాళీ శాశ్వతంగా మిగిలిపోతుంది.

పునరుద్ధరణ పరీక్షకు పెద్ద ఖర్చు అవసరం లేదు. బ్యాకప్ తీసిన వ్యక్తి కాక మరొకరు, ఇంతకు ముందు ఆ దత్తాంశం లేని వేరొక కంప్యూటర్‌పై, లిఖితపూర్వక సూచనలను మాత్రమే చూసి, పునరుద్ధరించాలి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇదే. తీసినవారే పరీక్షిస్తే వారి జ్ఞాపకంలోని పాస్‌వర్డు, వారి బల్లపై ఉన్న సాఫ్ట్‌వేర్, వారికి మాత్రమే తెలిసిన ఫోల్డర్ తోడ్పడతాయి. వారు బదిలీ అయిన మరునాడు ఇవేవీ ఉండవు. మొదలుపెట్టిన సమయం, ముగిసిన సమయం తప్పక నమోదు చేయాలి.

ఫైలు తెరుచుకున్నంతనే పరీక్ష ముగిసినట్లు కాదు. క్షేత్ర ప్రయోగాలకు మన వద్ద ఒక చక్కని కొలబద్ద ఉన్నది. ఏ ఐదేళ్ల క్రితపు ప్రయోగాన్నో యాదృచ్ఛికంగా ఎంచుకొని, పునరుద్ధరించిన ముడి దత్తాంశంపై విచలన విశ్లేషణ మళ్లీ చేసి, ట్రీట్‌మెంట్ల సగటులను, క్రిటికల్ డిఫరెన్స్‌ను నాటి వార్షిక నివేదికలో ముద్రించిన అంకెలతో సరిపోల్చాలి. ఒక రెప్లికేషన్ తప్పిపోయినా, రెండు నిలువు వరుసలు తారుమారైనా వెంటనే బయటపడుతుంది. టీ1 నుండి టీ9 వరకు వరుసలు ఉండి, టీ4 అంటే ఎంత నత్రజనో తెలిపే వివరణ లేకపోతే ఆ పునరుద్ధరణను విఫలమైనట్లుగానే పరిగణించాలి. ఎంస్టాట్, లోటస్ రోజుల ఫైళ్లు చెక్కుచెదరకుండా ఉండి కూడా నేడు తెరుచుకోకపోవచ్చు. అటువంటి వాటిని సాధారణ పాఠ్య రూపంలోకి మార్చి దాచుకోవడం ఉత్తమం.

విద్యార్థులకు ఒక మాట. ల్యాప్‌టాప్‌లోని ఫోల్డర్‌ను క్లౌడ్‌తో అనుసంధానించడం బ్యాకప్‌తో సమానం కాదు. ఇక్కడ చెరిపినది అక్కడా చెరుగుతుంది, వైరస్ తాళం వేసిన ఫైలు అలాగే అక్కడికి చేరుతుంది. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊరిలో అన్నది చిరకాలంగా ఉన్న సూత్రం. ఆ మూడింటిలో ఒకటి ఎల్లప్పుడూ కంప్యూటర్‌కు తగిలించకుండా ఉంచాలి. సిద్ధాంత గ్రంథం సమర్పించే ఆరు నెలల ముందు స్నేహితుని కంప్యూటర్‌పై ఒకసారి పునరుద్ధరించి చూడడానికి ఒక మధ్యాహ్నం చాలు.

కేంద్రాల స్థాయిలో ఖరీఫ్ దత్తాంశ నమోదు పూర్తయిన తరువాత ఒకసారి, రబీ తరువాత ఒకసారి ఈ పరీక్ష జరపడం అనుకూలం. సర్వర్ మార్చినప్పుడు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ పెంచినప్పుడు, బాధ్యుడు బదిలీ అయినప్పుడు అదనంగా జరపాలి. తేదీ, పునరుద్ధరించినవారి పేరు, పట్టిన సమయం, సరిపోలిన లేదా సరిపోలని అంకెలు ఒక రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరు మాత్రం కాగితంపైనే ఉండాలి.