అన్నము మానిన పిమ్మట ఆగిపోవు బరువు

హౌరాలో తెలుగు కుటుంబములు తరతరములుగా కాపురముండుచున్నవి. రైల్వే ఉద్యోగములకును, జనపనార మిల్లులలోని పనులకును వచ్చినవారి సంతతివారు అనేకులు అచ్చటనే స్థిరపడిరి. వారి వంటయిండ్లలో రెండు ప్రాంతముల రుచులును కలిసిపోయినవి. ఉదయమున ఇడ్లీ గాని, బెంగాలీలు ముడీ యని పిలుచు మరమరాలు గాని, మధ్యాహ్నమున అన్నము, సాయంకాలమున మైదాతో చేసిన లూచీ, దానిపై రసగుల్లా. వీనియన్నిటియందును పిండిపదార్థమో చక్కెరయో అధికముగా నున్నది. ఇది హౌరాకు మాత్రమే పరిమితమైన విషయము కాదు. భారతీయుల ఆహారమునుండి లభించు శక్తిలో సుమారు 62 శాతము పిండిపదార్థములనుండియే వచ్చుచున్నదని భారత వైద్య పరిశోధన మండలివారి పరిశీలన 2025లో తెలిపినది.

కావున స్థూలకాయులును, మధుమేహము గలవారును అన్నమును తగ్గింపదలచుట సమంజసమే. 2017, 2018 సంవత్సరముల ప్రాంతమున ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారము చేసిన పద్ధతి, అనగా అన్నమును పూర్తిగా మాని క్రొవ్వును హెచ్చుగా తిను పద్ధతి, ఇంటింట చర్చకు వచ్చినది. ఇట్టి ఆహారము నవలంబించినవారికి సాధారణముగా ఎదురగు అనుభవమొకటి కలదు. తొలివారములలో బరువు చకచక తగ్గును. కొన్ని నెలలకు తూకపు ముల్లు ఒకచోట నిలిచిపోవును. అప్పుడు కొందరు విసిగి పాత భోజనమునకు మరలుదురు. మరికొందరు ఉన్న కొద్దిపాటి ఆహారమును కూడ మాని కడుపు మాడ్చుకొందురు. ఈ రెండవది మొదటిదానికంటె ప్రమాదకరము.

ఇట్లు నిలిచిపోవుటకు కారణమేమి? శరీరము గ్లైకోజెన్ అను రూపమున కాలేయమునందును, కండరములయందును సుమారు అరకిలో పిండిపదార్థమును నిలువచేసికొనును. దాని ప్రతి గ్రాముతోపాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడ నిలిచియుండును. అన్నము మానగనే ఆ నిలువ కరగి, నీరు మూత్రరూపమున వెడలిపోవును. తొలివారమున తగ్గిన రెండు కిలోలలో అధికభాగము నీరేయని దీనివలన తెలియును. ఆ వేగమును చూచి ఎల్లకాలమును అట్లే తగ్గుదుమని ఆశించుటయే నిరాశకు మూలము.

రెండవ కారణము మరింత ముఖ్యమైనది. చిన్నదైన శరీరమును నడుపుటకు తక్కువ శక్తి చాలును. అదిగాక, కరవు వచ్చినదని తలచినట్లుగా శరీరము తన వ్యయమును తానే తగ్గించుకొనును. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులకు 24 వారములపాటు అర్ధాహారమిచ్చి పరిశీలించెను. వారు తమ బరువులో నాలుగవవంతును కోల్పోయిరి. విశ్రాంతిగానున్నప్పుడు వారి శరీరములు వ్యయపరచు శక్తి సుమారు 40 శాతము తగ్గెను. కడుపు మాడ్చుకొనుట యెందుకు ఫలింపదో ఈ ప్రయోగమే చెప్పుచున్నది.

హౌరాలోని రైల్వే కార్యాలయమున పనిచేయు ఉద్యోగి యొకనిని ఊహించుకొందము. 86 కిలోల బరువుండి, అన్నము, చపాతీ మాని, మూడు నెలలలో 78 కిలోలకు దిగెను. ఆపైన ఆరు వారములు మార్పు లేదు. అన్నము ముట్టలేదని అతడు చెప్పుమాట నిజమే. కాని చేపలు వేయించుటకు పోయు ఆవనూనెకు లెక్క లేదు. కార్యాలయమున గుప్పెడు గుప్పెడుగా వేరుసెనగలు. అన్నము లేదను దిగులు తీరుటకు రాత్రి పెరుగుపై మీగడ. గ్రాము పిండిపదార్థములో 4 కేలరీలుండగా గ్రాము క్రొవ్వులో 9 ఉండును. ఏబది గ్రాముల వేరుసెనగలలో 250 కేలరీలకు మించియుండును. పదునైదు గ్రాముల నూనెలో 135. అన్నము మానిన లాభమును ఇవి చడిచప్పుడు లేక తినివేయును.

అయితే బరువు నిజముగా ఆగినదా యని ముందుగా నిర్ధారించుకొనవలెను. ఒకప్పుడు రైలు స్టేషన్లలో నాణెము వేసిన బరువుతోపాటు జాతకమును కూడ చీటీపై అచ్చువేసి యిచ్చు యంత్రములుండెడివి. దినదినము తూచుకొని బెంగపడువారు ఆ జాతకమును నమ్మినవారివంటివారే. ఉప్పు హెచ్చినను, మలబద్ధమున్నను, స్త్రీలకు ఋతుసమయమునను కిలో రెండు కిలోల తేడా రావచ్చును. వారమునకొకమారు, ఉదయమున, పరగడుపున తూచుకొనిన చాలును. నడుము కొలత కూడ వ్రాసికొనవలెను. మనదేశమున పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదందురు. తూకము కదలకున్నను నడుము తగ్గుచున్నచో క్రొవ్వు కరగుచున్నదనియే గ్రహింపవలెను.

నాలుగు వారములు రెండును కదలనిచో, వారమురోజులు నూనెను, నేతిని, గింజలను కొలిచి వాడి చూడవలెను. ప్రతి పూట గ్రుడ్డు, చేప, పెరుగు, ఛనా మొదలగు మాంసకృత్తులును, ఆకుకూరలును తప్పక ఉండవలెను. మాంసకృత్తులు చాలనిచో కండరము కరగును. కండరమును నిలుపుటకు వారమునకు రెండుమూడుమార్లు బరువులెత్తుట గాని, గుంజీలు తీయుట గాని అవసరము. శిబ్‌పూర్‌లో 1787లో స్థాపింపబడిన వృక్షోద్యానమువంటి చోటు సమీపమున నుండగా నడకకు చోటు లేదనుటకు వీలులేదు. రాత్రి విధుల వలన నిద్ర చెడువారికి ఆకలి హెచ్చునని కూడ ఎరుగవలెను.

మధుమేహమునకు ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడువారు వైద్యునితో చెప్పకయే అన్నము మానినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవును. చెమట, వణకు, తికమక కలిగిన వెంటనే చక్కెర నీరు త్రాగవలెను. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడువారికి, రక్తపరీక్షలో చక్కెర సరిగానే కనబడుచున్నను, రక్తము ఆమ్లమయమగు స్థితి రావచ్చును. వాంతులు, కడుపునొప్పి, ఆయాసము దాని గురుతులు. ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. గర్భిణులును, మూత్రపిండముల వ్యాధి గలవారును ఈ ఆహారమును స్వయముగా ప్రారంభింపరాదు.

అన్నమును శాశ్వతముగా వెలివేయవలసిన పనియు లేదు. 2018లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధనలో 609 మందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు పిండిపదార్థములను, రెండవ జట్టుకు క్రొవ్వును తగ్గించిరి. ఏడాది తరువాత సగటున మొదటివారు 6 కిలోలు, రెండవవారు 5.3 కిలోలు తగ్గిరి. ఈ తేడా లెక్కింపదగినది కాదని పరిశోధకులు తేల్చిరి. అన్నము లేక ఉండలేనివారు మధ్యాహ్నమున ఒక చిన్న గిన్నెడు కొలిచి, ముందు కూరయు చేపయు తిని, పిమ్మట అన్నము తినవచ్చును.