ఆవు ఎదకు రావాలంటే అండాశయంలో ఏం జరగాలి?



ఈనిన ఆవు మళ్ళీ వేళకు ఎదకు రాకపోతే ఎంత నష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. ఒక ఎద తప్పిందంటే 21 రోజులు పోయినట్లే. మేత మామూలే, దాణా మామూలే. పాలు మాత్రం తగ్గుతూ వస్తాయి. అందుచేత ఎద ఎలా వస్తుందో, ఎందుకు ఆగుతుందో తెలుసుకొనుట మంచిది.

గర్భసంచికి ఇరుపక్కల రెండు అండాశయాలున్నవి. వాటిలో నీటిపొక్కుల వంటి చిన్న తిత్తులు, ఒక్కొక్క తిత్తిలో ఒక్కొక్క అండం. పెయ్యదూడ పుట్టేనాటికే ఇవి వేలకు వేలుంటాయి. కాని ఆవు ఈనేది ఎన్ని ఈతలు? మరి మిగిలిన తిత్తులేమవుతున్నవి? చచ్చి కరిగిపోతున్నవి.

ఇది రోగం కాదు. జొన్నచేలో కుదురుకు ఒక మంచి మొక్కను ఉంచి తక్కినవి పీకివేస్తాం గదా! ఇదీ అంతే. ఎదకూ ఎదకూ మధ్య తిత్తులు రెండు మూడు విడతలుగా పెరుగును. మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోను వదలగా కొన్ని తిత్తులు కలిసి ఎదుగుతాయి. వాటిలో ఒకటి ముందుకు పోయి, తన హార్మోనులతో ఆ ఎఫ్.ఎస్.హెచ్.ను తగ్గిస్తుంది. తాను మాత్రం ఎల్.హెచ్. అనే మరొక హార్మోను ఆధారంతో నిలుస్తుంది. తక్కినవి ఆధారం లేక చనిపోతాయి. ఇలా చచ్చే కణం పగిలి వాపు తేదు. ముడుచుకొని, ముక్కలై, పొరుగు కణాలలో కలిసిపోతుంది. 1972లో శాస్త్రజ్ఞులు దీనికి అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఆకులు రాలడమని భావం.

అండం విడుదలైన చోట పసుపుపచ్చని ముద్ద ఒకటి ఏర్పడును. దీనిని కార్పస్ లూటియం అంటారు. ఇది ప్రొజెస్టిరోన్ అనే హార్మోను తయారుచేస్తుంది. ముద్ద ఉన్నంతకాలం ఎద రాదు. ఆవు చూలు కట్టకపోతే, సుమారు 16, 17 రోజులకు గర్భసంచి ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని పంపుతుంది. దానితో ముద్ద పని ఆగి, కణాలు రాలిపోతాయి. నాలుగైదు రోజులలో ఆవు ఎదకు వస్తుంది. చూలు కట్టిందా, కడుపులోని పిండమే ఇంటర్‌ఫెరాన్ టౌ అనే కబురు పంపి ఆ పదార్థాన్ని ఆపిస్తుంది. ముద్ద నిలుస్తుంది, చూలు నిలుస్తుంది.

ఇక సూది సంగతి. ఎద రావడానికి పశువైద్యులు ఇచ్చే ఒక సూదిమందు ఈ ప్రోస్టాగ్లాండినే. చూలు ఆవుకు పొరపాటున ఇది వేస్తే ముద్ద రాలిపోయి ఈచుకుపోవచ్చు. పరీక్ష చేయించకుండా, ఎవరో చెప్పారని ఈ సూది వేయించవద్దు. ఎద వెళ్ళిన మొదటి నాలుగైదు రోజులలో లేత ముద్దమీద ఇది పనిచేయదు. అసలు ముద్దే లేని బక్క ఆవుకు ఎన్ని సూదులు వేసినా వృథా! గర్భిణీ స్త్రీలు, ఉబ్బసం ఉన్నవారు ఈ మందును ముట్టరాదు.

బక్క ఆవుకు కావలసింది మేత. ఈనిన తరువాత తిన్నదానికంటే పాలలో పోయేది ఎక్కువైతే ఎల్.హెచ్. చాలినంత రాదు, ఎదిగిన తిత్తి కూడా అండం వదలకుండానే చచ్చిపోతుంది. కనుక పచ్చిమేత, దాణా, ఖనిజ లవణాలు చూడి కాలం నుంచే చూసుకోవాలి. గర్భసంచిలో చీము చేరినా ప్రోస్టాగ్లాండిన్ సరిగా రాక ముద్ద నిలిచిపోతుంది. ఆవు చూలుతో ఉందని మనం మోసపోతాం. ఇక్కడా పరీక్షే దారి.

ఎద తేదీని గోడమీదనైనా వ్రాసిపెట్టుకోండి. 18వ రోజు నుంచి 24వ రోజు వరకు ఉదయం, సాయంత్రం ఆవును కనిపెట్టి చూడండి. తీగలు ఉదయం కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మరునాటి ఉదయం గర్భధారణ చేయించండి. ఆ తేదీ మీ దగ్గరుంటే పశువైద్యునికి సగం పని అయినట్లే.