విస్తరణ సమాచారానికి ఫైళ్ల నిల్వ వెబ్‌సైటు: స్థాపన, వ్యయ అంచనా

వ్యవసాయ విశ్వవిద్యాలయాలలోను, కృషి విజ్ఞాన కేంద్రాలలోను ఏటా తయారయ్యే కరపత్రాలు, శిక్షణ వీడియోలు, క్షేత్ర ప్రయోగాల దత్తాంశాలు చాలావరకు శాస్త్రవేత్తల కంప్యూటర్లలోను, పెన్‌డ్రైవులలోను, వాట్సాప్ బృందాలలోను చెల్లాచెదురుగా ఉంటున్నాయి. శాస్త్రవేత్త బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా వాటిలో కొన్ని ఎవరికీ అందకుండా పోతాయి. వీటన్నింటిని ఒకచోట చేర్చి, ఎవరైనా దించుకొనేందుకు వీలైన వెబ్‌సైటును నెలకొల్పడం సాంకేతికంగా పెద్ద పని కాదు. ప్రాజెక్టు నిధులు ముగిసిన తరువాత కూడా దానిని నడపడమే అసలు సమస్య.

సాఫ్ట్‌వేర్ కొనవలసిన అవసరం లేదు. ఎం.ఐ.టి., హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థలు 2002లో విడుదల చేసిన డీస్పేస్ ఉచితంగా లభిస్తుంది. విద్యాసంస్థలకు ప్రత్యేకించిన డొమైన్ పేర్లను ఎర్నెట్ ఇండియా నమోదు చేస్తుంది. సిద్ధాంత గ్రంథాలకు భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆధ్వర్యంలోని కృషికోశ్ ఇప్పటికే ఉన్నందున, వాటిని మరొకచోట పోగుచేయడం వృథా ప్రయాస.

వ్యయ అంచనాలో సాధారణంగా జరిగే పొరపాటు, నిల్వ స్థలాన్ని మాత్రమే లెక్కించడం. ఒక విభాగం వద్ద 60 మెగాబైట్ల వీడియోలు 300 ఉన్నాయనుకొంటే మొత్తం నిల్వ 18 గిగాబైట్లే. అయితే గులాబి రంగు పురుగుపై రూపొందించిన ఒక్క వీడియోను 20,000 మంది దించుకొంటే బయటకు వెళ్లే సమాచారం 1,200 గిగాబైట్లు అవుతుంది. అమెజాన్ ఎస్3 నిల్వ సేవ 2006లో మొదలైనప్పుడు నిల్వకు గిగాబైటుకు నెలకు 15 సెంట్లు, పంపిణీకి గిగాబైటుకు 20 సెంట్లు వసూలు చేసింది. ఆ ధరలతో లెక్కిస్తే పై ఉదాహరణలో నెల నిల్వకు 2.70 డాలర్లు, పంపిణీకి 240 డాలర్లు. ధరలు తరువాత తగ్గినా, ఇటువంటి సేవలలో పంపిణీయే ఖరీదైనదన్న పోలిక మారలేదు.

విశ్వవిద్యాలయపు సొంత సర్వరుపై ఈ రుసుము ఉండదు కాని, భారం మరోవిధంగా ఎదురవుతుంది. ఆ 20,000 మంది ఒకే రోజున వస్తే సగటున సెకనుకు 111 మెగాబిట్ల వేగం కావాలి. రైతులు ఫోను చూసే సాయంత్రపు వేళ అంతకు కొన్ని రెట్లు అవసరం కావచ్చు. అదే వీడియోను 15 మెగాబైట్లకు కుదిస్తే భారం నాలుగవ వంతుకు తగ్గుతుంది. 2 మెగాబైట్ల కరపత్రమైతే మొత్తం 40 గిగాబైట్లే. రైతు డేటా ఖర్చు కూడా ఆ మేరకే తగ్గుతుంది. ఈ కోణాన్ని విస్తరణ విభాగాలు తగినంతగా పట్టించుకోవడం లేదు.

డిస్కులు ఎప్పుడో ఒకప్పుడు చెడిపోక తప్పదు. ఒకే యంత్రంలో జంట డిస్కులు ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్లు కాదు. పొరపాటున తొలగించిన ఫైలు రెండింటిలోను తొలగిపోతుంది. కనుక మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలలో, ఒకటి వేరే ఊరిలో ఉండాలన్న ప్రసిద్ధ నియమాన్ని పాటించాలి. పునరావృతం చేయలేని బహువార్షిక ఎరువుల ప్రయోగాల దత్తాంశానికి ఇది అత్యవసరం. ఆ ప్రతుల నుండి ఫైళ్లను ఆరు నెలలకు ఒకసారైనా తిరిగి తెరిచి చూడాలి.

ఎవరైనా ఫైళ్లు ఎక్కించే వీలు కల్పిస్తే పరిశీలకుని జీతాన్ని కూడా లెక్కలో చేర్చవలసిందే. కాపీహక్కుల ఉల్లంఘన ఆరోపణలపై 2012 జనవరిలో మెగాఅప్‌లోడ్‌ను అమెరికా అధికారులు మూసివేసినప్పుడు, ఎందరో వాడుకరుల సొంత ఫైళ్లు కూడా అందకుండా పోయాయి. మన దేశంలో 2021 సమాచార సాంకేతిక నియమాల ప్రకారం ఇతరుల సమాచారాన్ని ఉంచే మధ్యవర్తి సంస్థలు ఫిర్యాదుల అధికారిని నియమించి, ఫిర్యాదు అందినట్లు 24 గంటలలో తెలపాలి. ఆరంభంలో శాఖల శాస్త్రవేత్తలకు మాత్రమే అనుమతి ఇవ్వడం శ్రేయస్కరం.

ప్రతిపాదనలలో సర్వరు కొనుగోలుకు పెద్ద మొత్తం, నిర్వహణకు నామమాత్రపు మొత్తం చూపడం పరిపాటి. ఈ నిష్పత్తిని తిరగవేయడమే సమంజసం. డొమైన్ పునరుద్ధరణ, పంపిణీ, ప్రతుల నిల్వ, నిర్వాహకుని వేతనం పునరావృత వ్యయం కింద అయిదేళ్లకు చూపాలి. డొమైన్ ఒక శాస్త్రవేత్త వ్యక్తిగత ఈమెయిలుతో కాక, కార్యాలయపు ఈమెయిలుతో నమోదు కావాలి. ప్రాజెక్టు ముగిశాక ఫైళ్లను విశ్వవిద్యాలయ గ్రంథాలయం స్వీకరిస్తుందన్న లిఖితపూర్వక అంగీకారాన్ని మొదటి ఫైలు ఎక్కించకముందే పొందాలి.