వెయ్యి కిలోమీటర్ల అవతలి యుద్ధం: అపోహలు – వాస్తవాలు

2025 మే మొదటి వారం. కామారెడ్డి జిల్లాలో యాసంగి వడ్లు కల్లాల మీద, కొనుగోలు కేంద్రాల్లో తూకానికి ఎదురుచూస్తున్న కాలం. అప్పుడే ఫోన్లలో కరాచీ తగలబడిపోతోంది, లాహోర్ చేజిక్కిపోతోంది. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని బలిగొన్న ఉగ్రదాడికి జవాబుగా మే 7న మన సైన్యం ఆపరేషన్ సిందూర్ చేపట్టింది. మే 10 సాయంత్రానికి భారత్, పాకిస్తాన్ కాల్పులు ఆపేందుకు ఒప్పుకున్నాయి. ఆ నాలుగు రోజుల్లో పుట్టిన నమ్మకాలు, అంతకు ముందునుంచీ ఉన్నవీ ఎల్లారెడ్డి హోటళ్లలో ఇప్పటికీ వినిపిస్తాయి. అణ్వాయుధాలున్న రెండు దేశాల మధ్య గొడవ కాబట్టి వాటిని అట్లా వదిలేయడం మంచిది కాదు.

అపోహ: సరిహద్దు ఎక్కడో ఉంది, మన దిక్కు ఏమీ కాదు.

కామారెడ్డి నుంచి పాకిస్తాన్ సరిహద్దు నేరుగా కొలిస్తే దాదాపు వెయ్యి కిలోమీటర్లు. 2015లో తొలిసారి పరీక్షించిన తమ షాహీన్-3 క్షిపణి 2,750 కిలోమీటర్లు వెళ్తుందని పాకిస్తానే ప్రకటించుకుంది. మనకు నూటపది కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన సంస్థలున్నాయి, అణు ఇంధన కర్మాగారం ఉంది. మే 7 సాయంత్రం పౌర రక్షణ మాక్‌డ్రిల్ జరిగిన చోట్లలో అవి ఉన్న కంచన్‌బాగ్, మౌలాలి కూడా ఉన్నాయి. మాక్‌డ్రిల్ పెట్టారంటే యుద్ధం ఖాయమని అనుకున్నవాళ్లకు ఒక మాట: అది సన్నద్ధత మాత్రమే.

బాంబు మన మీద పడకపోయినా తప్పించుకోలేం. భారత్–పాక్ అణుయుద్ధం వస్తే ఏమవుతుందో లెక్కగట్టిన అధ్యయనం 2019లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చింది. కాలే నగరాల మసి ఆకాశంలో బాగా పైకి చేరి ఏళ్ల తరబడి నిలుస్తుంది. నేలకు చేరే ఎండ 20 నుంచి 35 శాతం, ప్రపంచ వర్షపాతం 15 నుంచి 30 శాతం తగ్గొచ్చని ఆ శాస్త్రవేత్తల అంచనా. ఒక్క వానాకాలం మొహం చాటేస్తేనే మంజీర ఎండి నిజాంసాగర్ బోసిపోవడం చూసినవాళ్లం. అట్లాంటి కాలం ఏళ్ల తరబడి సాగితే వరి లేదు, మక్క లేదు, చెరకు లేదు. ఈ లెక్కలు కంప్యూటర్ నమూనాలవే. అయినా ఇరవై శాతం ఎండ తగ్గితే పొలం ఏమవుతుందో రైతుకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

అసలు ఈ సరిహద్దు మన ఇళ్లను ఎప్పుడో తాకింది. పక్క నిజామాబాద్ జిల్లా వేల్పూర్ మండలం కోమన్‌పల్లి జవాను ర్యాడ మహేశ్ 2020 నవంబర్‌లో కశ్మీర్ మాచిల్ సెక్టార్‌లో అమరుడయ్యాడు. అదే ఏడు జూన్‌లో చైనా వైపు సరిహద్దు గల్వాన్‌లో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు. 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర శ్రీ సత్యసాయి జిల్లా కల్లి తండా అగ్నివీర్ మురళీ నాయక్. వాళ్ల ఊళ్లకు వెళ్లి సరిహద్దు చాలా దూరమని చెప్పగలమా?

అపోహ: ఇద్దరి దగ్గరా బాంబులున్నాయి కాబట్టి యుద్ధమే రాదు.

1998 మేలో మనం పోఖ్రాన్‌లో, పాకిస్తాన్ వాళ్లు చాగైలో అణుపరీక్షలు చేశారు. ఏడాది తిరిగేసరికి కార్గిల్ యుద్ధం మొదలైంది, 527 మంది మన సైనికులు ప్రాణాలిచ్చారు. అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1969లో, అణ్వాయుధాలున్న సోవియట్ యూనియన్, చైనా ఉసూరి నది దగ్గర కాల్చుకున్నాయి.

అట్లాగని ప్రతి కాల్పూ అణుయుద్ధానికి దారితీస్తుందనడమూ తప్పే. కార్గిల్‌లో మన వాయుసేన నియంత్రణ రేఖ దాటలేదు. గల్వాన్‌లో 20 మందిని కోల్పోయినా తుపాకీ పేలలేదు. వాస్తవాధీన రేఖకు దగ్గర్లో కాల్పులు జరపకూడదని చైనాతో 1996లో చేసుకున్న ఒప్పందం అందుకు కారణం. నన్ను కలవరపెట్టేది వేరే. 2016 మెరుపుదాడులు నియంత్రణ రేఖను ఆనుకునే జరిగాయి. 2019లో బాలాకోట్ దాకా వెళ్లాం. 2025లో సరిహద్దుకు దాదాపు వంద కిలోమీటర్ల లోపలి బహావల్‌పూర్, ఆ తర్వాత రావల్పిండి దగ్గరి నూర్‌ఖాన్ వైమానిక స్థావరం. ప్రతి గొడవా పోయినసారి ఆగిన మెట్టు మీదనుంచే మొదలవుతోంది. ఆ మెట్లు ఎన్ని ఉన్నాయో ఇరుపక్షాల్లో ఎవరికీ తెలియదు.

అపోహ: కోపంలో ఎవరో మీట నొక్కితేనే ప్రమాదం.

మన దేశంలో అణ్వాయుధం వాడాలంటే ప్రధానమంత్రి అధ్యక్షతన ఉన్న రాజకీయ మండలి నిర్ణయించాలి. ముందుగా ప్రయోగించబోమని, మన మీద ప్రయోగిస్తే మాత్రం భారీగా తిప్పికొడతామని 2003 జనవరి 4న ప్రభుత్వం ప్రకటించింది. చైనా 1964 నుంచే అదే మాట అంటోంది. పాకిస్తాన్ అట్లాంటి హామీ ఇవ్వలేదు.

కోపం కన్నా పొరపాటు మీదే ఎక్కువ భయం ఉండాలి. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున దూసుకెళ్లి పాకిస్తాన్‌లోని మియా చన్నూ దగ్గర పడింది. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు. ఆగస్టులో ముగ్గురు వాయుసేన అధికారులను ఉద్యోగం నుంచి తొలగించారు. అంతకు ముందు, 2019 ఫిబ్రవరి 27న, బడ్గాం దగ్గర మన హెలికాప్టర్‌ను మన క్షిపణే కూల్చింది. అందులో ఉన్న ఆరుగురూ పోయారు. రెండు దేశాల మధ్య క్షిపణి ప్రయాణం నిమిషాల్లో ముగుస్తుంది. వచ్చేది ఏమిటో తేల్చుకోవడానికి అంతకన్నా తక్కువ సమయమే దొరుకుతుంది.

అపోహ: చిన్న అణుబాంబుతో చిన్న నష్టమే.

హిరోషిమా బాంబు ఇప్పటి లెక్కల్లో చిన్నదే, 15 కిలోటన్నులు. 1945 చివరికి దాదాపు లక్షా నలభై వేల మంది చనిపోయారు.

అపోహ: రెండు దేశాల మధ్య మాటల్లేవు.

మే 10న కాల్పులు ఆగింది ఫోన్ మీదే. మధ్యాహ్నం 3.35కు పాకిస్తాన్ సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్ మన డైరెక్టర్ జనరల్‌కు ఫోన్ చేశారు. ఒకరి అణు కేంద్రాలపై ఒకరు దాడి చేయకూడదని 1988 డిసెంబర్ 31న సంతకాలయ్యాయి. ఆ ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న జాబితాలు మార్చుకుంటున్నారు. కార్గిల్ తర్వాతా, పార్లమెంటు మీద దాడి తర్వాతా అది ఆగలేదు.

అపోహ: ఫోన్‌కు వచ్చిందంటే ఎంతోకొంత నిజముంటుంది.

ఆ నాలుగు రోజుల్లో వీడియో గేమ్ దృశ్యాలు అసలు యుద్ధంగా తిరిగాయి. కరాచీ ఓడరేవు నాశనమైందని కొన్ని టీవీ చానళ్లే చెప్పాయి, అది అబద్ధం. ఏటీఎంలు రెండుమూడు రోజులు మూతపడతాయన్న సందేశం బూటకమని పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చెప్పింది. ఇంధనం సరిపడా ఉంది, ఎగబడొద్దని ఇండియన్ ఆయిల్ ప్రకటించాల్సి వచ్చింది. పాకిస్తాన్‌లోని కిరానా కొండల్లో అణు నిల్వల మీద బాంబులు పడ్డాయని, రేడియేషన్ లీకైందని మరో ప్రచారం. మేం అక్కడ కొట్టలేదని ఎయిర్ మార్షల్ ఏ.కె.భారతి స్పష్టం చేశారు. లీకేమీ లేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెప్పింది. ఇవి ఉత్త కాలక్షేపమని నేననుకోను. లేని గెలుపును జనం నమ్మితే, ఆగుదామనుకునే ప్రభుత్వానికి ఆగే దారి ఇరుకవుతుంది. దుబాయ్, మస్కట్ పనిచోట్ల పాకిస్తానీ కూలీలతో కలిసి పనిచేసే మన జిల్లా బిడ్డల మధ్య కూడా ఆ వీడియోలే చిచ్చుపెడతాయి.

అపోహ: అయోడిన్ మాత్రలుంటే చాలు. లేదంటే, పడితే ఎట్లాగూ చేసేదేం లేదు.

అయోడిన్ మాత్ర థైరాయిడ్ గ్రంథిని రేడియోధార్మిక అయోడిన్ నుంచి కాపాడుతుంది, అంతే. అయోడిన్ ఉప్పు దానికి బదులు కాదు. పేలుడు జరిగిన చోట మిగిలేది ఏమీ ఉండదు గానీ, దూరాన ఉన్నవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. రాలే దుమ్ములోని రేడియేషన్, పేలిన గంటకు ఉన్నదాంతో పోలిస్తే ఏడు గంటలకు దాదాపు పదో వంతుకు, రెండు రోజులకు నూరో వంతుకు తగ్గుతుంది. కాబట్టి రేకుల షెడ్డు వదిలి స్లాబు ఇంట్లో, కిటికీలకు దూరంగా మధ్య గదిలో కనీసం ఒక రోజు ఉండాలి. పై బట్టలు విప్పి దూరంగా పెట్టి, సబ్బుతో ఒళ్లు కడుక్కోవాలి. మూత పెట్టిన నీళ్లే తాగాలి. బయటికి ఎప్పుడు రావాలన్నది రేడియోలో అధికారులు చెప్పేదాకా ఆగాలి.